ఎంతమందిలో ఎంతమంది?

లా కాలేజీలో లెక్కలతో పరిశోధన చేయడం నేర్పే మాస్టారికి ఒకటే జబ్బు. ఎవరేమన్నా "ఎంతమందిలో ఎంతమంది?" అని అడుగుతారు. "ఈ ఆపరేషన్ అందరికీ బాగానే అవుతుందండీ" అన్న కంటి డాక్టరునీ బల్ల మీద పడుకునే అడిగారు. పాపం, ఆ డాక్టరు కత్తి పక్కన పెట్టి రిజిస్టరు తెప్పించాల్సి వచ్చింది.

"మీరు నా మాట ఎప్పుడూ వినరు" అంది ఒకసారి వాళ్లావిడ.

"ఎన్నిసార్లకి ఎన్నిసార్లు?"

"వందకి వంద!"

"అంత కచ్చితంగా వచ్చిందంటే లెక్క ఎక్కడో తప్పింది."

ఆ పూట కాఫీ ఆయనే పెట్టుకున్నారు.

ఇలాంటి మహానుభావుడి దగ్గర, పన్నెండేళ్లు ప్రాక్టీసు చేసిన ఒక ప్లీడరమ్మ శిష్యురాలిగా చేరింది. ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఆవిడ మొహం ఇప్పటికీ కందిపోతుంది. వాదించి గెలవడమే తప్ప లెక్కపెట్టి ఒప్పించడం ఆవిడకు అలవాటు లేదు. ఇల్లు ఖాళీ చేయించే దావాల ఫైళ్లు నాలుగు వందలు ముందేసుకుని, అద్దెకున్నవాళ్లకు ప్లీడరుంటే ఒకటి, లేకపోతే సున్నా అని కంప్యూటర్లోకి ఎక్కించింది. మొదటి పేజీలో ప్లీడరు పేరు రాసే గడి ఖాళీగా ఉన్నచోటల్లా సున్నా కొట్టుకుంటూ పోయింది.

"నాలుగు వందల్లో రెండు వందల అరవై మందికి ప్లీడరే లేడు!" అని కాలేజీ సభలో చదివితే ఒకటే చప్పట్లు. వింతేమిటంటే మాస్టారు నోరు విప్పలేదు. ఆయనకే ప్రశ్న దొరకలేదని ప్లీడరమ్మ కాళ్లు వారం రోజులు నేల మీద ఆనలేదు.

వ్యాసం కాలేజీ పత్రికలో అచ్చుకు వెళ్లాలి. ఒక ఉదాహరణ ఉంటే బాగుంటుందని ఓ టైలరు ఫైలు తీసింది. గడి ఖాళీయే. లోపల మాత్రం ప్లీడరును పెట్టుకున్నట్టు వకాల్తా కాగితం ఉంది. కింద సంతకం చూసింది. సంతకం తనదే! ఏడు వాయిదాలు తిరిగి ఆ టైలరు ఇల్లు నిలబెట్టింది తనే. గుమాస్తా గడి నింపడం మరిచాడు, అంతే. తన లెక్కలో తనే సున్నా! ఇంకెన్ని ఖాళీ గళ్ల వెనక ఇంకెంతమంది ప్లీడర్లున్నారో. సిగ్గుతో చచ్చినంత పనైంది. పరుగున మాస్టారి గదికి వెళ్లింది.

"అచ్చు ఆపించండి మాస్టారూ. సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"సిగ్గుతో ఇప్పటిదాకా ఎంతమందిలో ఎంతమంది చచ్చిపోయారమ్మా?"

ఆవిడకు నవ్వు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆపించి వారమైంది" అన్నారాయన మెల్లగా. "నేనింకా చదవలేదు, ఆలస్యం నాదేనని పత్రికవాళ్లకు రాసిచ్చాను. నన్ను బద్ధకస్తుడన్నారు, అననీ."

"అంటే మీకు ఆ రోజే తెలుసా?"

"అనుమానం వచ్చింది. అంతమందికి ప్లీడరు లేకపోతే ఈ ఊళ్లో నల్లకోట్లవాళ్లు ఏం తిని బతుకుతున్నారు?"

"మరి అందర్నీ అడిగే ప్రశ్న నన్నెందుకు అడగలేదు?"

"పదిమందిలో అడిగితే నువ్వు వాదిస్తావు. వాదిస్తే గెలుస్తావు. గెలిస్తే ఆ తప్పు అచ్చయి కూర్చుంటుంది. అందుకే నీ అంతట నువ్వే చూసుకుంటావని ఆగాను."

సొరుగులోంచి పచ్చబడిన పుస్తకం ఒకటి తీసి ముందు పెట్టారు. ఆయన మొదటి వ్యాసం. పేజీ నిండా అచ్చయ్యాక ఆయనే గీసుకున్న ఎర్రసిరా గీతలు. అక్కడా ఖాళీలన్నీ సున్నాలే.

"నాకు ఆపేవాళ్లు లేకపోయారమ్మా."

ప్లీడరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఇంతకీ ఈ తప్పు చేసినవాళ్లు ఎంతమందిలో ఎంతమంది మాస్టారూ?"

"ఈ గదిలో అయితే ఇద్దరిలో ఇద్దరం" అంటూ ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. "ఫైళ్లు పట్రా. రెండు వందలు నీకు, రెండు వందలు నాకు."