సత్తిరాజు క్యాంపులో జొన్న చేను

తండ్రి మల్లప్ప పన్నెండెకరాల నల్లరేగడిని గోదావరి జిల్లా నుంచి వచ్చిన సత్తిరాజుకి అమ్మేనాటికి దురుగప్పకి తొమ్మిదేళ్ళు. కన్నడ సీమలో తుంగభద్ర ఎడమ కాలువ సింధనూరు దాటి తవ్వుతున్న రోజులవి. వరసగా రెండు కరువులు వచ్చి ఎద్దులు పోయాయి. వచ్చే ఏడు దున్నే దిక్కులేక, చేలో నిలబడిన జొన్న కోసుకునే దాకా గడువడిగి మల్లప్ప వేలిముద్ర వేశాడు.

"రేగడికి నీళ్ళు పెడితే చౌడెక్కుతాది. ఈ ఆంధ్రోళ్ళు రెండేళ్ళుండి మూట కట్టుకుంటారు చూడు," అన్నాడు ఇంటికొచ్చి.

వాళ్ళు మూట కట్టుకోలేదు. లారీల్లో మంచాలు, కుట్టుమిషను, గేదెలు, కొబ్బరి మొక్కలు దింపుకుని కాలువ పక్కనే గుడిసెలు వేశారు. పదేళ్ళలో గుడిసెలు డాబాలయ్యాయి, రామాలయం లేచింది, రైసుమిల్లు కూత పెట్టింది. సత్తిరాజు క్యాంపు అన్న పేరు బస్సు బోర్డు మీదికి కూడా ఎక్కింది. పక్కనున్న పాత ఊరి పేరు చెబితే కండక్టరు "క్యాంపు పక్కదేనా?" అని అడిగేవాడు.

దురుగప్ప ఆ పన్నెండెకరాలకే నీళ్ళు కట్టే మనిషిగా కుదిరాడు. ఏ మడికి ఎంత నీరు కావాలో, ఏ గట్టుకి ఎండ్రకాయ బొక్క పెట్టిందో అతనికి తెలిసినట్టు క్యాంపులో ఎవరికీ తెలియదు. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, ఆ మళ్ళలోనే ముసలివాడయ్యాడు. తిండికి లోటు లేదు. కానీ మార్గశిరం వచ్చేసరికి మనిషి మనిషిలా ఉండేవాడు కాదు. చిన్నప్పుడు ఆ నెలలో చేను నిండా తల మించిన జొన్న. మంచె మీద తను, చేతిలో వడిసెల. లేత కంకుల్ని పిడకల నిప్పుల్లో కాల్చి నలిపితే అరచేతిలో రాలిన పచ్చటి ఊచబియ్యం. ఆ నెలాఖరున వచ్చే ఎళ్ళమావాస్య నాడు ఇల్లంతా బండి కట్టుకుని వచ్చి, సజ్జరొట్టెలు, కుడుములు, కలగూర చేను చుట్టూ చల్లేవాళ్ళు. చరగ అంటారు దాన్ని. భూమి గర్భంతో ఉంటుంది కాబట్టి ఆమెకి సీమంతం.

ఇప్పుడు ఆ రోజుల్లో అక్కడ ఉండేది కోసిన వరి మోళ్ళు, నారుమడి బురద. అయినా దురుగప్ప ఏటా ఒక కుడుము తీసుకెళ్ళి గట్టు మీంచి విసిరేవాడు.

"భూమితల్లికి పెడ్తాండావా, కప్పలకి పెడ్తాండావా?" అని నవ్వేది భార్య హుసేనమ్మ.

"నీకెందుకే? నీ కుడుమేం తరిగిపోలేదులే."

ఒక ఏడు వానల్లేక డ్యాం నిండలేదు. చివరి భూములకి నీళ్ళు రావని చెప్పేశారు. సత్తిరాజు కూతురు రాఘవమ్మదిప్పుడు పొలం. దురుగప్ప ఈడుదే. గట్టు మీద నిలబడి ఎండిన మళ్ళ వైపు చూస్తూ అంది:

"బీడు పెట్టేయమంటున్నాడయ్యా మా అబ్బాయి బాబ్జీ. నువ్వేమంటావు?"

దురుగప్ప వంగి ఒక మట్టిగడ్డ తీసి వేళ్ళ మధ్య చిదిమాడు. "జొన్న వేద్దామక్కా," అన్నాడు.

"జొన్నా? రొట్టె ఎరుగుదును గానీ చేను సంగతి నాకేం తెలుసు?"

"నాకు తెలుసు."

తెలుసన్నాడే గాని, విత్తే గొర్రు పట్టి దాదాపు అరవై ఏళ్ళయింది. అదీ తండ్రి చేతి కింద పట్టిందే. పాత గొర్రు అటక మీద దొరికింది. ఎద్దులు మేనల్లుడివి. విత్తనం హుసేనమ్మ తమ్ముడు మస్కి నుంచి తెచ్చాడు. ఉత్తర కార్తెలో ఒక వాన పడింది. దమ్ము చేసీ చేసీ గట్టిపడిన నేల గొర్రుకి లొంగలేదు. మొదటి సాలు పాములా వంకర పోయింది.

"తాగి తోలినావా మామా?" అన్నాడు మేనల్లుడు.

"నోర్మూసుకుని ఎద్దుల్ని చూడరా."

నాలుగో సాలుకి చెయ్యి కుదిరింది. చౌడెక్కిన చోట్ల మొక్క పసుపు పచ్చగా గిడసబారింది. తండ్రి మాట పూర్తిగా తప్పు కాదు. మిగతా చోట మాత్రం జొన్న నిలువెత్తు లేచింది. దురుగప్ప పనున్నా లేకపోయినా పొద్దున్నే వెళ్ళి, చేల్లోకి దిగి, ఆకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు వింటూ కూర్చునేవాడు.

ఎళ్ళమావాస్య నాడు బండి కట్టాడు. హుసేనమ్మ ముందు రోజే రొట్టెలు కొట్టి పెట్టింది. రాఘవమ్మ గిన్నెడు పులిహోర పట్టుకుని వచ్చింది. దురుగప్ప చేను చుట్టూ తిరుగుతూ చరగ చల్లాడు. మధ్యలో బుట్ట దించి గట్టు మీద కూర్చుండిపోయాడు. మిగిలిన వైపు హుసేనమ్మే చల్లింది. ఈసారి ఆమె నవ్వలేదు.

నీడలో కూర్చుని ఊచబియ్యం నలుపుతూ అన్నాడు, "మీరొచ్చిన దినం నేనీ చేల్లోనే మంచె మీదుంటినక్కా."

"నన్ను చూశావా?"

"లారీ మీద మంచం, మంచం మీద నువ్వు. గొంతు చించుకుని ఏడుస్తాంటివి. పిట్టలన్నీ లేచిపాయె. ఆ పూట నాకు వడిసెల పనే లేకపాయె."

రాఘవమ్మ నవ్వింది. "ఏడవనూ మరి? మా ఇంటి ముందు కాలవలో పడవ పోతుంటే దాని వెంట పరిగెత్తేదాన్ని. ఇక్కడ దిగి చూస్తే చుట్టూ నల్లమట్టే. పడవేదని మా అమ్మనడిగితే, ఆవిడ నాకంటే ఎక్కువ ఏడ్చింది." గింజలు నోట్లో వేసుకుని నమిలింది. "ఇన్నేళ్ళున్నాను. ఇవి తినడం ఇదే మొదలు."

"మేమూ పెట్టలేదులే," అంది హుసేనమ్మ.

మరుసటి ఏడు వానలు ముందే దిగాయి. డ్యాం నిండింది. కాలువకి నీళ్ళు వదిలారన్న కబురు రాగానే పాత ఊళ్ళో ఆడవాళ్ళ ముఖాలు విప్పారాయి. నాట్ల ముఠాకి హుసేనమ్మే పెద్ద. కిందటేడంతా ముఠాకి పని లేదు.

"నీ జొన్న నీకొక్కడికే పండుగ. వరైతే నలభై ఇండ్లకి పని," అంది. దురుగప్ప కాదనలేదు.

రాఘవమ్మ అడిగింది. "ఆ మెరక మీద అరెకరం జొన్నకి వదిలేయమంటావా?"

ఆ మాటకి అతని కళ్ళు మెరక వైపు వెళ్ళాయి.

"వద్దక్కా. చుట్టూ నీళ్ళు నిలిస్తే ఊటకి వేరు కుళ్ళిపోతాది. దాన్ని చంపుకునేదానికి వేసుకోవడమెందుకు?"

నీళ్ళు తూము దగ్గరికి వచ్చిన రోజు బాబ్జీ దమ్ము చక్రాల ట్రాక్టరు తెచ్చి గట్టు మీద ఆపాడు. దురుగప్ప చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, తూము తలుపు ఎత్తాడు. ఎర్రటి నీళ్ళు నల్లటి నెర్రెల్లోకి గుటకలు వేస్తూ దిగాయి. చేను నిండటానికి మధ్యాహ్నం దాటింది. జొన్న కొయ్యకాళ్ళు మెల్లగా మునిగాయి, కొన్ని ఊడి తేలుతూ గట్టుకి చేరాయి. అన్నీ మునిగేదాకా అతను కదల్లేదు.

తరవాత బాబ్జీ వైపు తిరిగి, "ఇంక తోలు," అన్నాడు.