పోటీ ముగిశాక వచ్చిన జవాబు

హాస్టల్లో చదువుకున్న రోజుల్లో, ఆదివారం భోజనాలయ్యాక మా మాస్టారు మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడిగేవారు. దానికి జవాబు ఏ పుస్తకంలోనూ ఉండేది కాదు. అరకు దగ్గర ఒక బడిలో పిల్లలకు తత్వశాస్త్రం పోటీ పెడుతున్నారని తెలిసి, ఆ వరండా గుర్తొచ్చి బయలుదేరాను.

విశాఖపట్నంలో ఉదయం ఏడు కాకముందే కదిలే కిరండూల్ పాసింజరు ఎక్కాను. టైడా దాటాక సొరంగాలు, చలిగాలి నేను ఇదివరకు వచ్చినప్పటిలాగే ఉన్నాయి. అరకులో దిగి, తలకు నలభై రూపాయలిచ్చి షేర్ జీపు ఎక్కాను. డ్రైవరు డోంబు పక్కన అతని కూతురు సుక్రి కూర్చుంది. తొమ్మిదో తరగతి. ఆమె కూడా పోటీకే వెళ్తోంది.

"గెలిస్తే పై పోటీకి విశాపట్నం తీసుకెళ్తారంట బాబూ. ఇదింకా సముద్రం సూడనేదు" అన్నాడు డోంబు.

దారిలో ఒక మామిడిచెట్టు దగ్గర ఇంజను చల్లారడానికి ఆపాడు. నేను కిందికి దిగి, రాలిన కాయ ఒకటి తీయబోయాను.

"ముట్టుకోకండి బాబూ! మావింకా కొత్త సెయ్యనేదు" అని అరిచాడు. మామిడి కొత్త పండగ చేసి దేవతకు పెట్టేదాకా వాళ్ళ ఊళ్ళో ఎవరూ కాయ కొరకరు.

పోటీలో సుక్రికి వచ్చిన ప్రశ్న, ఎవరూ చూడనప్పుడు కూడా కట్టుబాటు పాటించాలా అని. ఆమె ఆ మామిడికాయల గురించే చెప్పింది. బాగా చెప్పింది. చివర్లో న్యాయనిర్ణేత అడిగారు: "అడవిలో ఒక్కదానివే ఉన్నావు, ఆకలేస్తోంది. తింటే ఎవరికి నష్టం?"

సుక్రి ఆలోచిస్తూ నిలబడింది. సమయం అయిపోయిందని గంట కొట్టారు. బహుమతి గడగడా మాట్లాడిన ఒక అబ్బాయికి వెళ్ళింది.

తిరుగుదారిలో డోంబు ఊరుకోలేదు. "ఏటే గుంటా, దేవత కోప్పడతాదని సెప్తే అయిపోను గదా!"

"అది భయం నాన్నా. ఆయన భయం గురించి అడగనేదు."

మళ్ళీ ఆ చెట్టు దగ్గరికి వచ్చేసరికి ఆమె తనంతట తానే అంది. "ముందే తినీసినాననుకో. పండగనాడు అందరూ మొదటి ముక్క తింతారు. నాది మాత్రం రెండోది. నట్టం నాకే."

"మరిది అక్కడ సెప్పొచ్చు గదే!"

"అక్కడ గంట కొట్టీసినారు."

డోంబు గేరు మార్చాడు. "సముద్రం ఎక్కడికి పోద్దిలే" అన్నాడు.

మా మాస్టారి దగ్గర గంట ఉండేది కాదు. జవాబు రాకపోతే వచ్చే ఆదివారం చెప్పమనేవారు. అప్పుడు మేం చెప్పిన జవాబులు ఒక్కటీ గుర్తు లేవు. బట్టలు ఉతుక్కుంటూ, కట్టెలు మోస్తూ వారమంతా వాదించుకోవడం గుర్తుంది.

వేసవి మొదట్లో ఈ కొండలకు వెళ్ళేవారికి ఒక మాట. చెట్టు కింద కాయ కనిపిస్తే, ఆ ఊరివాళ్ళు కొత్త చేశారో లేదో ముందు అడగండి. చెయ్యకపోతే, చుట్టూ ఎవరూ లేకపోయినా అక్కడే వదిలేయండి.