గాలికొండ మీంచి మా ఇంటి కప్పు

మా అత్త పోయింది. సీతాఫలాల కాలం మొదలైన వారంలో, జ్వరం తగ్గిందని మేమంతా ఊపిరి పీల్చుకున్న మర్నాడు పొద్దున్నే పోయింది. అరకు చూడ్డానికి వచ్చినప్పుడు, బొర్రా దారిలో కార్లు ఆగేచోట పళ్లబుట్ట పెట్టుకుని కూర్చున్న ముసలమ్మ మీలో కొందరికి గుర్తుండవచ్చు. మీరు పండు కొన్నా కొనకపోయినా దారి మాత్రం చెప్పే ఉంటుంది.

మొదటిసారి వచ్చినవాళ్లను ఆమె ఇట్టే పట్టేసేది. "ముందు గుహలు సూడండి. తరవాత కటికి జలపాతం. సాపరాయి ఏటికాడ నాచుంటాది, జాగర్త. గాలికొండ మాత్తరం ఒగ్గీకండి, సూసే ఎల్లండి" అని వరసపెట్టి చెప్పేది. ఒకసారి కారులోంచి ఒక చిన్నపిల్ల "గుహలో ఏముంది అవ్వా?" అని అడిగింది. "సల్లగా ఉంటాది, ఎల్లు తల్లీ" అంది అత్త. కారు వెళ్లిపోయాక గుహల దారివైపే చూస్తూ కూర్చుంది. ఆ గుహలో ఆమె ఏనాడూ అడుగుపెట్టలేదు మరి. ఈ కొండల్లోనే పుట్టి పెరిగినా చేను, కాఫీ తోట, సంత, ఈ బుట్ట తప్ప వేరే వాటికి ఆమెకు తీరిక దొరకలేదు.

ఇంటికొచ్చి బుట్ట దించుతూనే నాతో అంది: "గుంటా, కాళ్లు ఆడతన్నప్పుడే అన్నీ సూసెయ్యాల. నువ్వొస్తావా, నానొక్కద్దాన్నే ఎల్లనా?"

బేరం లేని రోజులు చూసుకుని ఇద్దరం ఒక్కోచోటికి వెళ్లాం. గుహ మెట్ల దగ్గర ఆమె మోకాలు పట్టేసింది. వెనక్కి పోదామంటే నన్ను కసిరింది. మెట్టు మీద కూర్చుని కింది మెట్టుకి జరుగుతూ, అలాగే అడుగుదాకా దిగింది. పైనున్న రాతి కప్పును చూసి చూసి, "నిజంగానే సల్లగా ఉంది. నాను అబద్ధం సెప్పలేదు" అని స్థిమితపడింది. అరకు గిరిజన మ్యూజియంలో అద్దాల వెనక చేట, రోకలి కనబడితే పడీపడీ నవ్వింది. "మనింట్లో సేటకి ఈ కాపలా ఏదే?" అంది.

ఇక మిగిలింది గాలికొండ. అక్కణ్ణించి లోయంతా కనబడుతుందని వచ్చినవాళ్లు చెప్పుకుంటుంటే ఆమె వినేది. "అయితే మనిల్లు కనబడతాదేటి?" అన్నది పట్టుకుంది, ఇక వదల్లేదు. ఊళ్లో రేకుల కప్పులన్నీ ఒక్కలాగే ఉంటాయి కదా, అందుకని ఆనవాలుకి తన ఎర్రచీర కప్పు మీద పరిచి, మూలమూలకీ రాళ్లు పెట్టి బయల్దేరింది. తీరా వెళితే పైన పొగమంచు. పక్కనున్న మనిషే కనబడలేదు. ఇంకోసారి వెళ్లాం, మళ్లీ మంచే. నాకు విసుగొచ్చింది గానీ ఆమెకు రాలేదు. "కొండెక్కడికీ పోదు. మనమే మల్లొద్దాం" అంటూ కిందికొచ్చి, చీర దులిపి మడతపెట్టింది.

గడప దాటాలంటే ఎవరినో ఒకరిని అడగాలనుకుంటూ పెరిగి, ఈ ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని నేను. చూడాలనిపిస్తే వెళ్లి చూసి రావచ్చని నేర్పింది అత్తే. ఆ తిరుగుళ్లలో నాకు దొరికిన మనిషి, అంతకుముందు ఒకే ఇంట్లో ఉండీ దొరకలేదు. ఇప్పుడు బుట్ట దగ్గర కూర్చుంటే పక్కన ఖాళీ చూడలేక ఏడుపొస్తోంది.

ఆమె బట్టలన్నీ ఆమెతోనే పంపేశారు. ఎర్రచీర మాత్రం నేను ఇవ్వలేదు. అలా ఉంచుకోకూడదని పెద్దవాళ్లు కోప్పడ్డారు. పని ఒకటి మిగిలిందని చెప్పాను, అంతే.

మొన్న ఆ చీర కప్పు మీద పరిచి గాలికొండకు వెళ్లాను. ఎప్పటిలాగే మంచు. వచ్చినవాళ్లు మంచుతోనే ఫోటోలు తీసుకుని వెళ్లిపోతున్నారు. నేను కదల్లేదు. ఈసారి చూడకుండా దిగేది లేదని కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. ఎండ ముదిరాక ముందు కాఫీ తోటలు తేలాయి, తర్వాత రోడ్డు, ఆ తర్వాత మా ఊరి రేకులు. వాటి మధ్యన గోరంత ఎరుపు.

"కనబడతంది అత్తా!" అని గట్టిగా అనేశాను.

పక్కనున్న కొత్తావిడ ఫోన్ దించి, "ఏం కనబడుతోందండీ? మేం రావడం ఇదే మొదటిసారి, మాకూ చూపించండి" అంది.

చెయ్యి చాపి చూపించాను.

"ఆ ఎర్రగా ఉన్నదా?"

"అదే. మా అత్త ఇల్లు."