శారదమ్మ వినని మాటలు

శారదమ్మ వినని మాటలకు ఆమె ఉద్యోగం తీసేశారు. సంజాయిషీ అడగలేదు, రుజువు చూపలేదు. ఇంతకాలమైనా తలచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

అది 1992. గద్వాలలో చీరల టోకు వ్యాపారి నారాయణప్ప కార్యాలయం. ముందు గదిలో బేరానికి వచ్చినవాళ్లు కూర్చుంటారు. మధ్యలో శారదమ్మ బల్ల, లోపల యజమాని గది, వెనుక మగ్గాల షెడ్డు. నేను వనపర్తిలో ఉంటూ చుట్టుపక్కల ఆఫీసుల ఫోన్లు బాగుచేసేవాణ్ణి. కాలేజీ మెట్లెక్కినవాణ్ణి కాదు. మాన్యువల్ పక్కన డిక్షనరీ పెట్టుకుని నేర్చుకున్నాను. అక్కడ ఈపీఏబీఎక్స్ పెట్టిందీ నేనే. బయటి నుంచి వచ్చే రెండు లైన్లను పది బల్లలకు పంచే పెట్టె అది. వచ్చిన ఫోన్లను ఎవరివి వాళ్లకు కలపడం శారదమ్మ పని.

కొత్త అంచు గురించి నారాయణప్ప హైదరాబాదు కొట్టుతో ఫోన్లో మాట్లాడితే, చీర మగ్గం దిగకముందే ఆ సంగతి పోటీ వ్యాపారికి తెలిసిపోతోంది. మూడుసార్లు అలా అయ్యాక శారదమ్మను ఇంటికి పంపేసి, నన్ను పిలిపించాడు. ఇకమీద ఆ బల్ల నుంచి ఎవరూ వినకుండా చెయ్యమన్నాడు.

అలా వినడానికి బార్జ్-ఇన్ అనే సదుపాయం ఉండాలి. నడుస్తున్న సంభాషణలోకి మూడో మనిషి చొరబడటం అన్నమాట. అది ఏ ఫోనుకు ఇవ్వాలో పెట్టెలో ప్రోగ్రామ్ చేస్తాం. పది ఫోన్లూ ఒక్కొక్కటే చూశాను. నేను పెట్టిన రోజున ఎవరికీ ఇవ్వలేదు, ఇప్పుడూ ఎవరికీ లేదు. ఫోను కలిపి రిసీవర్ పెట్టేశాక శారదమ్మకు ఆ మాటలు వినే దారే లేదు. అదే చెప్పాను.

నారాయణప్ప నన్ను ఎగాదిగా చూశాడు. "ఆమె నీకేమన్న సుట్టమా?"

"కాదు. మిషన్ల ఉన్నదే చెప్తున్న."

"మిషన్ పెట్టినోడివి నువ్వే. ఆమెకు దారి చూపినోడివి గూడ నువ్వే అయితవ్."

అప్పటిదాకా పోయింది ఆమె పరువొక్కటే. ఇప్పుడు నాదీ దాని వెంట పోయేలా ఉంది. ముందు గదిలోకి వచ్చి, కనిపించిన ప్రతి ముఖాన్నీ అనుమానంగా చూస్తూ కూర్చున్నాను. వచ్చినవాళ్లు వాడుకోవడానికి అక్కడొక ఫోను ఉంది. రిసీవర్ ఎత్తి ఒక అంకె నొక్కాను. డయల్ టోన్ ఆగింది. ఆ నిశ్శబ్దంలో, బావి అడుగు నుంచి వచ్చినట్టు సన్నగా నారాయణప్ప గొంతు. లోపలి గదిలోంచి ఎవరితోనో ఫోన్లో అంటున్నాడు: "గీ మెకానిక్ గూడ ఆమె దిక్కే ఉన్నడు. ఇద్దరు కలిసే చేస్తుండ్రు."

నన్ను తిట్టిన మాటే నాకు సాక్ష్యమైంది.

దీన్ని క్రాస్‌టాక్ అంటారు, ఒక లైను మాట పక్క లైనులోకి కారడం. అలా కారకుండా కేబుల్లో ఒక్కో ఫోనుకు రెండేసి తీగలు మెలివేసి ఉంటాయి. ఒకటి నీలమో నారింజో, దానికి జంట తెల్లది. జంట విడిపోతే మాట కారుతుంది. ఫోన్లన్నిటి తీగలూ ఒకే కేబుల్లో వెనుక షెడ్డులో ఉన్న పెట్టెకు వెళ్తాయి. ఆ కేబుల్ వెంబడి వెనక్కి నడిచాను. మగ్గాల షెడ్డు దూలం మీద నేను వెయ్యని అతుకు ఒకటి కనిపించింది. పైన నూలు దారం ముచ్చటగా చుట్టి ఉంది.

షెడ్డు కప్పు మార్చినప్పుడు కేబుల్ తెగిందట. అతికింది అక్కడి నేతగాడు ఆశన్న. అయిపోవచ్చిన పడుగుకు కొత్త పడుగును పోగు పోగుగా అతకడంలో ఆయనది పెట్టింది పేరు. మెలికలన్నీ విప్పి, తీగల్ని పోగుల్లా వరసగా పరిచి అతికాడు. మోగని ఫోన్ల దగ్గర తెల్ల తీగల్ని అటూ ఇటూ మార్చి, మోగేదాకా చూశాడు.

"ఒక్క పోగు ఇడ్వలే సార్," అన్నాడు. "తెల్లవన్ని తెల్లవే గద. మా పడుగుల ఏ తెల్ల పోగు ఏడికి పోతే ఏంది?"

ఆయన్ని ఏమనగలను? పడుగులో అది నిజమే.

అతుకు విప్పకముందే నారాయణప్పను ముందు గదిలో ఫోను దగ్గర కూర్చోబెట్టాను. ఆయన గదిలోంచి గుమాస్తాకు ఫోన్ చేసి మాట్లాడాను. తిరిగి వచ్చేసరికి ఆయన రిసీవర్ ఇంకా చెవి నుంచి తియ్యలేదు. ఆ తర్వాత కేబుల్ తొడుగు జానెడు వెనక్కి కోసి, చెదరని మెలికలు చూసి జంటలు పోల్చుకుని మళ్లీ అతికాను. గొణుగుడు పోయింది. ఆ గదిలో గంటలకొద్దీ కూర్చునేవాళ్లలో మాట మోసిందెవరో నేను అడగలేదు.

శారదమ్మ ఇంటికి వెళ్లి సంగతి చెప్పాను. ఆమె సంతోషపడలేదు. "నౌకరి పోతే పోయె అన్నా. నేను పోతుంటే మాట్లాడెటోళ్లు మాట ఆపుతుండ్రు. గదొక్కటి ఆపు," అంది.

ఆమెను వెనక్కి పిలవమని నారాయణప్పను అడిగితే చూద్దామన్నాడు. అతుకు బొమ్మ గీసి, జరిగిందంతా రాసి పోస్టులో పంపాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. లేదు.

గంట మోగింది, మాట వినిపించింది కదా అని ఆ తర్వాత నేను ఏ అతుకునూ నమ్మలేదు. పక్క లైను ఎత్తి విన్నాకే పెట్టె మూసేవాణ్ణి. కానీ మీటరుకు అందని లోపాలు కొన్ని ఉంటాయి. చివరికి గద్వాల వెళ్లి ఆయన ఎదురుగా కూర్చున్నాను. శారదమ్మ బల్ల ఖాళీగానే ఉంది. నా ఉత్తరాలకు నారాయణప్ప అప్పుడు జవాబిచ్చాడు:

"ఆమె వినలేదు, ఒప్పుకుంట. కానీ జర ఆలోచించు. ఇంతమందిల నాకు ఆమె మీదనే ఎందుకు అనుమానమొచ్చింది?"