కనకం మెడ

కనకమహాలక్ష్మి మెడ గురించి యాభై ఆరేళ్ళలో ఆమె అభిప్రాయం అడిగినవాళ్ళు లేరు. పద్దెనిమిదో ఏట ఆ మెడలో నానాజీ మూడు ముళ్ళు వేశాడు. పుస్తెలు పుట్టింటివాళ్ళు ఒకటి, అత్తింటివాళ్ళు ఒకటి చేయించారు. వాటిని తీయకుండా చూసే బాధ్యత అత్త సూర్యకాంతమ్మ తీసుకుంది. ఆ మెడలో తనకు సంబంధించినది కూడా ఒకటి ఉందని కనకానికి తెలిసింది కిందటి కార్తీకంలోనే, కుడి దవడ కింద శనగ గింజంత గడ్డ వేలికి తగిలినప్పుడు.

అసలు రోగం మెడలోది కాదు, నోట్లోది. అంగిట్లో ఏడాదిగా మానని పుండు ఒకటుంది. దానికి కారణం వెతకడానికి పెద్ద పరిశోధనలేవీ అక్కర్లేదు. అనకాపల్లి చుట్టుపక్కల పాతకాలపు ఆడవాళ్ళు చుట్టని అడ్డపొగ కాలుస్తారు. అంటే నిప్పున్న కొస నోటి లోపల పెట్టుకుంటారు, ఆకు కొస బయట ఉంటుంది. గాలికి ఆరదు, బూడిద చీర మీద రాలదు, ఊడుపుల్లో రెండు చేతులూ పనికి ఖాళీ. మర్యాదకి మర్యాద, పొదుపుకి పొదుపు. కాలేది అంగిలి ఒక్కటే. పెళ్ళైన కొత్తలో పన్ను సలుపుతోందని కనకం ఏడిస్తే మొదటి చుట్ట వెలిగించి నోట్లో పెట్టింది సూర్యకాంతమ్మే. ఆవిడకి ఇప్పుడు ఎనభై ఒకటి. పన్నెండో ఏటినుంచీ రోజుకి మూడు కాలుస్తోంది. వైద్యశాస్త్రానికి ఎదురుగా కాళ్ళు చాపుకుని కూర్చున్న సాక్ష్యం ఆవిడ.

"నాకేటయ్యింది? సుట్టకి రోగవేటి? అది దీని రాత" అని గోడకి జారగిలబడి తీర్పు చెప్పేసింది.

కూతురు ధనశ్రీ ఎస్. రాయవరంలో టీచరు. రాతల సంగతి బడిలో రోజూ చూసే మనిషి కాబట్టి అమ్మ రాతనీ, నాన్నమ్మ తీర్పునీ పక్కన పెట్టి తల్లిని విశాఖ తీసుకెళ్ళింది. ముక్క తీసి పరీక్ష చేశారు. డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. అంగిట్లో పాడైన భాగం తీసెయ్యాలి, కుడివైపు మెడ తెరిచి గడ్డలన్నీ ఏరెయ్యాలి, తరవాత రేడియేషన్ కరెంటు పెట్టాలి.

"ఇప్పుడైతే బతుకుతారమ్మా. మెడ దాటి కిందికి దిగితే నేనేం చెప్పలేను."

"ఎన్ని రోజులు టైముంది బాబూ?" అంది కనకం.

"రోజులు లెక్కపెట్టుకునే వ్యవహారం కాదు. త్వరగా చేసుకునే వ్యవహారం."

కనకానికి అది అర్థమైంది. ఇంట్లో మిగతావాళ్ళకి కావలసింది అర్థం కావడం కాదు, పరామర్శ. ఆ జబ్బు పేరు ఎవరూ నోటితో అనలేదు. పూర్వం భర్త పేరు అనకుండా ఎలా నెట్టుకొచ్చేవారో అలా "అదే, ఆ జబ్బు" అని నెట్టుకొచ్చారు. కోటవురట్ల నుంచి పుట్టింటివాళ్ళు ఆకు పసరు సీసాలో పోసి తెచ్చారు. నోరు రెండు వేళ్ళ మందం కంటే ఎక్కువ తెరుచుకోని మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్ళలో నలుగురు మాడుగుల హల్వా డబ్బాలు పట్టుకొచ్చారు. వాటిని వాళ్ళే విప్పారు, వాళ్ళే తిన్నారు. తింటూ, ఇలాంటి ఆపరేషనే అయ్యి పోయినవాడి కథ ఒకటి చెప్పారు. వచ్చిన ప్రతివాడికీ అలా పోయినవాడొకడు తెలిసుండటం మన ఊళ్ళ ప్రత్యేకత. బతికినవాళ్ళెవరూ ఎవరికీ తెలియరు.

కనకం ఇవేవీ పట్టించుకోలేదు. చుట్ట మానెయ్యమన్నారు, మానేసింది. రెండు పుచ్చుపళ్ళు ముందే పీకాలన్నారు, పీకించుకుంది. భుజం కసరత్తు ఇప్పటినుంచే నేర్చుకోమన్నారు, నేర్చుకుంది. ఆసుపత్రిలో చేరిన సాయంత్రం నర్సు సుప్రియ వచ్చి ఒక్క మాట అంది. అక్కడ మొదలైంది యుద్ధం.

"పొద్దున్న ఆపరేషన్‌కి ముందు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదమ్మా. మెడైతే పూర్తిగా ఖాళీగా ఉండాలి. కత్తి పడేది అక్కడే."

సూర్యకాంతమ్మ మంచం పక్కన స్టూలు మీంచి లేచింది. "మెడ కాళీయా? నా కొడుకు బతికుండగానే?"

"ఆపరేషన్ మీ అబ్బాయికి కాదు కదా మామ్మగారూ."

"నీకు పెళ్ళయ్యిందేటి?"

"ఇంకా లేదండి."

"మరి నీకేటి తెలుస్తాది!"

గంటసేపు రాయబారాలు నడిచాయి. పుస్తెలు తీసేస్తారు, పసుపు కొమ్ము కట్టిన దారం ఆపరేషన్ గది గుమ్మందాకా ఉంచుతారు, అక్కడ నర్సు కత్తిరిస్తుంది అని ఒప్పందం కుదిరింది. మెడ కలిగిన మనిషి మంచం మీద పడుకుని సీలింగు ఫ్యాను చూస్తోంది. ఆమెని ఎవరూ అడగలేదు.

తెల్లవారుజామున మందు సబ్బుతో స్నానం చేయించారు. డాక్టరు వచ్చి చెవి వెనకనుంచి గొంతు మధ్యదాకా పెన్నుతో గీత గీసి వెళ్ళాడు. సుప్రియ పక్క మంచం దగ్గరికి వెళ్ళిందో లేదో, సూర్యకాంతమ్మ సంచిలోంచి పసుపు పొట్లం తీసింది. గీత కనబడకుండా రెండు చెవుల మధ్యా దిట్టంగా పట్టించింది. పసుపు దారం ఒకటికి మూడు కట్టింది. చివరికి నూకాలమ్మ ప్రసాదమని బెల్లం ముక్క కోడలి నోటికి అందించింది. కనకం నోరు తెరిచింది. అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా వద్దన్నారని ఆమెకి బాగా తెలుసు. కానీ అత్త చెయ్యి ముందుకొస్తే నోరు తెరవడం ముప్ఫై ఎనిమిదేళ్ళ అలవాటు.

మత్తు డాక్టరు వచ్చి అడిగాడు. "పొద్దుటినుంచీ ఏమైనా తిన్నారా?"

"లేదు బాబూ, నిష్ఠగా ఉంది" అంది సూర్యకాంతమ్మ. "పెసాదం ఒక్కటే."

డాక్టరు పసుపు మెడనీ, ముసలామెనీ మార్చి మార్చి చూశాడు. "ప్రసాదానికీ పలహారానికీ తేడా మీకు తెలుసు మామ్మగారూ. పొట్టకి తెలియదు. మత్తులో అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లో పడితే ఇక దేవతే దిగి రావాలి."

ఆ రోజు ఆపరేషన్ రద్దయింది. గీత గీసిన డాక్టరు మెడ ఆపరేషన్లు చేసేది మంగళవారాలే. వచ్చే మంగళవారం జాబితా నిండిపోయింది. ఆ పైవారానికి రమ్మన్నారు.

"అంతా మన మంచికే. మంగళారం కత్తెట్టకూడదు. అమ్మోరే ఆపింది" అంది సూర్యకాంతమ్మ బస్సులో.

"ఆ పైవారం కూడా మంగళవారమే నాన్నమ్మా" అంది ధనశ్రీ.

ముసలావిడ కిటికీలోంచి చెరకుతోటలు చూడ్డంలో మునిగిపోయింది.

ఆ పద్నాలుగు రోజులూ కనకం చూపుడు వేలు దవడ కిందే ఉంది. శనగ గింజ శనగ గింజలాగే ఉంటుందని డాక్టరు ఫోనులో చెప్పాడు. రేగిపండైందని వేలు చెప్పింది. బియ్యం ఏరుతూ తడుముకునేది, మాట్లాడుతూ తడుముకునేది. ఒక బెల్లం ముక్కకి తన ప్రాణం పద్నాలుగు రోజులు తాకట్టు పడిందని ఆమె ఎవరితోనూ అనలేదు. మళ్ళీ బయల్దేరే రోజున మాత్రం గుమ్మంలో నిలబడి, "నువ్వు రాకత్తా" అంది.

సూర్యకాంతమ్మ చేతిలో సంచి కింద పెట్టింది. "ఏటన్నావు?"

"రావద్దన్నాను. ఇంటికాడుండు."

"నాను రాపోతే ఆళ్ళు తాడు తెంపేత్తారు! నా కొడుక్కేటన్నా అయితే ఎవడిది పూచీ?"

కనకం పుస్తెలతాడు తల మీంచి తీసింది. నానాజీ అరుగు మీద కూర్చుని చెప్పులు వేసుకుంటున్నాడు. బెల్లం యార్డులో కాటా వేసే మనిషి. దిమ్మల బరువు గ్రాము తేడా రానివ్వడు. తల్లికీ పెళ్ళానికీ మధ్య కూడా ముల్లు ఎటూ మొగ్గకుండా ముప్ఫై ఎనిమిదేళ్ళు నిలబెట్టాడు. కనకం వెళ్ళి ఆ తాడు అతని మెడలో వేసింది.

"ఒలే! ఇదేటే!"

"నీ ఆయుస్సు కోసవే కదా ఇది? నా మెడలో ఎందుకు, నీ మెడలోనే ఉండనీ. నీకు మరీ దగ్గిరగా ఉంటాది."

సూర్యకాంతమ్మ నోరు తెరిచింది గానీ శాస్త్రం అందలేదు. మొగుడు తన ఆయుష్షుకోసం తనే తాడు కట్టుకోకూడదని ఎక్కడా రాసి లేదు, ఎవరికీ ఆ ఆలోచన రాలేదు కాబట్టి. నానాజీ అమ్మ వైపు చూశాడు, కనకం దవడ కింద ఆగిన వేలు వైపు చూశాడు. చొక్కా పై బొత్తాం పెట్టుకున్నాడు.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. నానాజీ వరండా బల్ల మీద గుండెల మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం యార్డు నుంచి దిమ్మలు మోసే కలాసీ పైడిరాజు చూడ్డానికొచ్చాడు.

"ఏటి బావా, గుండెల్లో నొప్పేటి?"

"కాదెహె."

"మరి సెయ్యి తియ్యవేటి?"

నానాజీ చెయ్యి తీశాడు. కాలరు పక్కనుంచి పసుపు తాడు కనబడింది. పైడిరాజు కాసేపు నమ్మలేదు. విషయం విన్నాక అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఓర్నాయనో! అయితే బావా, శ్రావణంలో వాయినం నీకే ఇవ్వాల."

"నవ్వితే తంతాను."

"నవ్వలేదు బావా" అంటూ పైడిరాజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సాయంత్రందాకా మాత్రం కదలకుండా అక్కడే కూర్చున్నాడు.

కనకం బయటికొచ్చింది. ముక్కులో గొట్టం, మెడలోంచి నీరు దిగే రెండు గొట్టాలు, చెవి వెనకనుంచి గొంతు దాకా జిప్పు వేసినట్టు క్లిప్పులు. మర్నాటికి కింది పెదవి కుడివైపు కదల్లేదు. చెవి తమ్మె తనది కానట్టుంది. అంగిట్లో కోసేసిన చోటు మూయడానికి పెట్టిన పలక తీస్తే తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చేవి. గడ్డలు ఏరేటప్పుడు భుజం నరం కదిలింది, అందుకని కుడిచెయ్యి పైకి లేవదు. ఇంటికొచ్చాక రోజూ గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకాలి. బడిలో పిల్లల ఎత్తు కొలిచినట్టు ధనశ్రీ గోడ మీద పెన్సిలుతో గీతలు గీసి తేదీలు వేసింది. మొదటి వారమంతా గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాలుగో వారానికి బెత్తెడు పాకింది.

తరవాత ముప్ఫై రోజులు కరెంటు పెట్టారు. మెడ మాడిన అట్టులా అయింది. దాని మీద దారం, పసుపు, గుడ్డ ఏదీ తగలకూడదన్నారు. దాంతో కనకం మెడ నెలల తరబడి బోసిగా ఉండిపోయింది. పెళ్ళి పిలుపుకి బొట్టు పెట్టడానికి వచ్చిన పక్కింటి సుమశ్రీ ఆ మెడ చూసింది, అరుగు మీద పేపరు చదువుతున్న నానాజీని చూసింది. కుంకుమ వేలు గాల్లో ఆగిపోయింది.

"ఏటలగ సూత్తావు? నాకు కాదు, ఆయనకెట్టు" అంది కనకం. మాట ఇంకా ముద్దగా వస్తోంది. "తాడు ఆయన కాడుంది."

సూర్యకాంతమ్మ ఈలోగా సిద్ధాంతం సవరించుకుంది. "సూసేరా? తాడు ఆడి మెడలో ఉంది కాబట్టే ఆడికేటీ కాలేదు" అని వచ్చినవాళ్ళకి చెప్పేది. నమ్మకానికి ఇదొక సుఖం, దానికి ఓటమి ఉండదు. రోగిష్టి కోడలి ఎదురుగా కాల్చడం బాగోదని చుట్ట మాత్రం పెరట్లోకెళ్ళి కాలుస్తోంది. ఆవిడ చేసిన త్యాగాల్లో అదొకటి.

ఆషాఢంలో పరీక్షకి వెళ్ళారు. డాక్టరు అద్దం పెట్టి నోరు చూశాడు. మెడ అంగుళం అంగుళం నొక్కాడు. ఫిల్ము వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ చాలాసేపూ కనకం వేలు మళ్ళీ దవడ కిందికెళ్ళింది. అక్కడ ఇప్పుడు తడమడానికేం లేదు. తాకినా తెలియదు.

"ఏమీ లేదమ్మా. శుభ్రంగా ఉంది. మెడలో ఇక ఏం వేసుకున్నా ఫర్వాలేదు. మూడు నెలలకి మళ్ళీ రండి."

వరండాలోకొచ్చాక కనకం కుడిచెయ్యి భుజం ఎత్తుదాకా లేపి చాపింది. "ఇలగియ్యి."

నానాజీ పై బొత్తాం తీశాడు. తాడు పట్టుకున్నాడు. అక్కడ ఆగిపోయాడు.

"ఏటి?"

"మూడు నెల్లకి మళ్ళీ రమ్మన్నాడు కదే."

"అయితే?"

"అందాకా నాకాడే ఉండనీ. ఇది నా మెడలో పడ్డాకే నీకు నయవయ్యింది. ఇప్పుడు తీసేత్తే..." అంటూ తాడుని గుప్పిట్లో బిగించాడు. యార్డులో ఎవరెంత గొడవపడ్డా చలించని మనిషి కళ్ళు తడిసిపోయాయి.

కనకం అతని మొహంలోకి చూసింది. అచ్చం సూర్యకాంతమ్మ మొహమే. కోపం వచ్చింది. ఆ వెనకే నవ్వొచ్చింది, పెదవి ఒకవైపే కదిలింది.

"నువ్వు మీ యమ్మ కొడుకువే" అని చాపిన చెయ్యి దించేసింది. "సర్లే, ఉంచు. తానం సేసినప్పుడు దానికింత పసుపు రాసుకో. సెమటకి మాసిపోయింది."

అని బస్సుల వైపు నడిచింది. నానాజీ పై బొత్తాం పెట్టుకుని వెనకాలే వెళ్ళాడు.