కడిగిన ద్రాక్షపళ్లు

ఆ టీవీ కాస్త ఆపి, ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా. నా ఈడువాళ్లైతే చెప్పడం ఇంకా సుళువు, ఒక మాట కడుపులో పెట్టుకుని ఏళ్లు నెట్టుకురావడం ఎలా ఉంటుందో మీకు తెలుసు. మొన్న మా స్కార్‌బరో అపార్ట్‌మెంట్‌లో, పక్కింటికి విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి నల్లద్రాక్ష తెచ్చి, ఉప్పునీళ్లలో పోసి, ఒక్కో పండునీ బొటనవేలితో రుద్దుతూ, "ఈ తెల్లపొడి చూడండి ఆంటీ, ఎంత మందు కొట్టారో!" అంది. నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు. సరిగ్గా ఆ పనే చేసి నేనొకప్పుడు ఈ దేశంలో నా చోటు పోగొట్టుకోబోయాను.

అప్పటికి నా మనిషి పోయి రెండేళ్లు. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, ఎనిమిదేళ్ల కూతుర్ని బాపట్లలో మా అమ్మ దగ్గర వదిలి, విండ్సర్‌లో ఉన్న అక్క, బావగార్ల ఆసరాతో వచ్చాను. నా పని పర్మిట్ ఒక్క తోట పేరు మీదే ఇచ్చారు. అక్కడ పని పోతే ఇంకోచోట చేయడానికి లేదు, పని లేకపోతే ఇక్కడే స్థిరపడనిచ్చే పీఆర్‌కి అప్లై చేసే దారి లేదు, ఆ దారి లేకపోతే నా బిడ్డ రాదు. ఇదంతా బావగారు కారులోనే చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పి, గేటు దగ్గర దింపి వెళ్లిపోయారు. రోడ్డు వైపంతా ఆపిల్ చెట్లే, బోర్డు మీదా ఆపిల్ బొమ్మే. లోపలికి నడిచాక కదా తెలిసింది, వెనక లేక్ దాకా ద్రాక్షతీగల వరసలు, వాటి చివర ఒక షెడ్డు, షెడ్డు నిండా చెక్క పీపాలు. అక్కడ వైన్ చేస్తారు.

బావగారు మా తెలుగు చర్చిలో పెద్ద. మా నాన్నైతే, సారాకి ఇద్దరు తమ్ముళ్లను పోగొట్టుకున్న మనిషి, మా అందరిచేతా బైబిల్ మీద చెయ్యి వేయించి, మద్యం జోలికి పోమని మాట తీసుకున్నాడు. చెబితే మానేయమంటారు, మానేస్తే బిడ్డ రాదు. అందుకని చెప్పలేదు. కారు లేదు, ఆ రోడ్డున బస్సు లేదు, షెడ్డు మీద గదిలో పడుకుంటే దుప్పటిక్కూడా పీపాల వాసనే. ఆదివారం చర్చికి తీసుకెళ్లడానికి బావగారు వచ్చేలోపు తలంటుకుని, చేతులకి నిమ్మచెక్క రుద్దినా గోళ్ల చుట్టూ ఊదారంగు వదిలేది కాదు.

"ఏంటే ఆ చేతులు, సిరాబుడ్డి ఒలకబోసుకున్నావా?" అంది అక్క ఒక ఆదివారం.

ఇక్కడా మన నేరేడుపళ్లలాంటివి ఉంటాయన్నాను. "అయితే వచ్చేవారం నాకూ నాలుగు పట్రా, తిని ఎన్నేళ్లయిందో!" అంది. ఆ నేరేడుపళ్ల కాలం అయిపోయిందని చెప్పడానికి ఇంకో అబద్ధం.

తోట యజమానురాలు ఇటలీ నుంచి వచ్చిన ముసలావిడ. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బళ్లో చదివినట్టుండేవి, కాబట్టి మాకు బాగా కుదిరింది. పైపనులన్నీ ఆవిడ కొడుకువి. సెప్టెంబరు కోతల్లో ఒక సాయంత్రం, ఆవిడ ప్రాణంగా చూసుకునే పాత వరసల ద్రాక్ష కోసి షెడ్డులో పెట్టాం. పళ్ల మీద బూడిద చల్లినట్టు తెల్లపొడి. ఆవిడ కడగకుండానే నాలుగు నోట్లో వేసుకుంటే, పురుగుమందు తింటోందే అనుకున్నాను. తెల్లవారకముందే లేచి, బుట్ట బుట్టనీ ఉప్పునీళ్లలో ముంచి, పైపు పెట్టి జాడించి, అద్దాల్లా మెరిసేట్టు ఆరబెట్టాను.

కొడుకు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. నేనింకా మెచ్చుకుంటాడనే నిలబడ్డాను. రసం పులియడానికి ఆవిడ బజారు ఈస్టు వేయదట, ఆ తెల్లపొడితో వచ్చేదే రసాన్ని పొంగిస్తుందట. నేను దాన్నే కడిగేశాను. నలగ్గొట్టి పీపాలో పోస్తే మూడు రోజులైనా బుడగ లేదు. ఆవిడ పొద్దున్నే పీపాకి చెవి ఆనించి తల అడ్డంగా ఊపేది. కొడుకు ఈస్టు కొందామంటాడు, ఆవిడ ససేమిరా అంటుంది. ఇద్దరూ వాళ్ల భాషలో అరుచుకుని నా వైపు చూసేవాళ్లు. చివరికి కొడుకు, "వన్ వీక్. దెన్ యూ గో హోమ్," అన్నాడు. ఆ ఇంగ్లీషు మాత్రం నాకు ఎవరూ విడమరచాల్సిన పని లేకపోయింది.

పెరుగు తోడుకోకపోతే మనమేం చేస్తాం? ఇంకాస్త మంచి తోడు వేస్తాం. చివరి వరసలో మిగిలిన ద్రాక్ష, కడగనిది, ఒక బకెట్ కోసుకొచ్చి గదిలో కూర్చున్నాను. పిసికే ముందు చాలాసేపు చేతులు ఒళ్లో పెట్టుకుని చూసుకున్నాను, బైబిల్ మీద పెట్టిన చేతులే అవి. నా బిడ్డ పేరు పైకే అనుకుని పిసికాను. గుడ్డ కప్పి, హీటర్ పక్కన పెడితే రెండో రోజుకి నురగ కట్టింది. ముసలావిడ వాసన చూసి, "మై మామా! సేమ్, సేమ్!" అంటూ నా బుగ్గలు రెండూ పట్టుకుంది, వాళ్లమ్మా ఇలాగే చేసేదట. పీపాలో పోశాం. మర్నాడు పొద్దున చెవి ఆనిస్తే, లోపల ఎసరు కాగుతున్నట్టు సన్నటి చప్పుడు. కొడుకూ విన్నాడు. ఖాళీ బుట్ట నా చేతికిచ్చి కోయాల్సిన వరస చూపించాడు.

ఆ ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. ఆ చేతులు చాపి అందుకోలేక, కడుపులో బాలేదని చెప్పి బల్లకి వెళ్లలేదు. అక్క నా వీపు నిమిరి, ఇంటికెళ్లాక వాము కషాయం కాచి తాగించింది.

నాలుగో ఏట నా కూతురు వచ్చింది. ముసలావిడ పోయాక తోట అమ్మేశారు. ఇప్పుడు మా చర్చి పిల్లలు పెళ్లిరోజులకి అలాంటి తోటలకే పోయి, పట్టుచీరల్లో ఫోటోలు దిగి గ్రూపులో పెడతారు, పెద్దలూ దీవెనలు పెడతారు. "ఇప్పుడెవరు పట్టించుకుంటారమ్మా" అంటుంది నా కూతురు. నిజమే. అక్క ఆస్పత్రిలో ఉన్న చివరి రోజుల్లో, "ఏదో చెప్పాలనుకుంటున్నావు, చెప్పవే" అని తనే అడిగింది. నేను దిండు సర్ది, నీళ్లు కావాలా అన్నాను. తిట్టేదేమో, నవ్వేదేమో, ఇక నాకు తెలిసే దారి లేదు. భయపడే కాలం ఎప్పుడు పోయిందో గమనించుకోలేదు, గమనించేసరికి చెప్పాల్సిన మనిషి లేదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి తల్లీ, మీ ఇంట్లో ఎవరి మాటా గొంతులోనే ఉండిపోకుండా, వినేవాళ్లు ఎదురుగా ఉండగానే బయటికి రావాలి.