తాళానికి వెనకగా పాడిన సుగుణమ్మ

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, ఒక జూలై నెల మొదటి వారంలో, వెంటనే వికారాబాదు వెళ్లి ఒక గాయనిని రికార్డు చేసి రమ్మని డ్యూటీ పడింది. అప్పుడు నేనొక రేడియో కేంద్రంలో సీనియర్ సౌండ్ రికార్డిస్టుని. మా దగ్గర ప్రోగ్రాం అధికారి పాటను ఎంచుకుంటాడు, రికార్డిస్టు దాన్ని పట్టుకొస్తాడు. పాట బాగుంటే పేరు ఆయనది, గరగర వినిపిస్తే తిట్లు మావి.

గాయని పేరు సుగుణమ్మ. తాండూరులో నాపరాళ్లకు పాలిష్ పట్టే కార్మికుడి కూతురు. చర్చిలో పాడుతూ పెరిగి, హైదరాబాదు, బొంబాయి హోటళ్లలో ముప్పై ఏళ్లు బ్యాండు ముందు నిలబడి సోల్, జాజ్ పాడింది. సోల్ అంటే అమెరికాలోని నల్లవారి చర్చి పాటలోంచి పుట్టిన గానం. జాజ్‌లో గాయకులు రాసుకున్న వరసకు కట్టుబడరు, అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు. సుగుణమ్మ ఆ వరసల్లో తెలుగు మాటలు కూర్చి పాడేది. హోటళ్లు మానేశాక తాండూరు తిరిగొచ్చి, చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. పుస్తకం లేదు, స్వరం రాయడం లేదు. తాను పాడేది, వాళ్లు వినేవాళ్లు.

తొందర ఎందుకో ఆమే చెప్పింది. "గొంతుల గడ్డ ఉన్నదన్నరు సార్. పది రోజులల్ల కోస్తరట. కోసినంక గీ గొంతు ఉంటదో పోతదో డాక్టర్లకే ఎరుకలేదు. పోరగాండ్లు వినెతందుకు ఒక్కటన్న మిగలాలె." ఇంత మాట చెబుతూ కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అనంతగిరి దారిలో పాడుబడిన బడి హాలు ఒకటి దొరికింది. గిటారు, డ్రమ్ములు వాయించేవాళ్లను పక్క గదిలో కూర్చోబెట్టి, అవి వినబడేలా ఆమెకు హెడ్‌ఫోన్లు పెట్టాను. దానివల్ల గొంతు ఒక ట్రాకులో, వాయిద్యాలు వేరే ట్రాకులో పడతాయి. పాటకు ముందు ఒక నిమిషం ఖాళీ గదిని రికార్డు చేయడం మా పద్ధతి. దాన్ని రూమ్ టోన్ అంటారు, ఎడిటింగులో ముక్కల మధ్య అతకడానికి పనికొస్తుంది. బయట ముసురు. గుట్ట మీది మబ్బు కిటికీలోంచి లోపలికి వచ్చి బెంచీల మధ్య నెమ్మదిగా తిరుగుతోంది. నా హెడ్‌ఫోన్లలో చినుకుల చప్పుడు, దాని కింద ఎక్కడో ఆమె ఊపిరి. నిమిషం గడిచిపోయినా, పాడమని చెయ్యెత్తి సైగ చేయడానికి మనసొప్పలేదు.

తర్వాత ఆమె పాడింది. నేను శబ్దం హెచ్చుతగ్గులు చూపే మీటర్ల మీద చూపు నిలపాలి. నిలపలేకపోయాను. నిద్రకూ మెలకువకూ మధ్య ఎవరో పిలిచినట్టు ఉంది. ఆ మధ్యాహ్నం నాకు ఏ లోపమూ వినిపించలేదు. ఈ సంగతి నేను గుర్తుంచుకోవాల్సింది.

కేంద్రానికి వచ్చి ఎడిటింగుకు కూర్చున్నాను. కంప్యూటర్ తెర మీద పాట అలల్లా కనబడుతుంది. డ్రమ్ము దెబ్బ ఒక గీతలా నిటారుగా ఉంటుంది, గొంతు దాని కిందే మొదలవ్వాలి. సుగుణమ్మ గొంతు ప్రతి పాదంలోనూ గీతకు కాస్త వెనక మొదలవుతోంది. అయ్యో, జబ్బు మనిషి, ఊపిరి అందడం లేదనుకున్నాను. జాలితో రెండు రోజులు కూర్చుని, ప్రతి పాదాన్నీ కత్తిరించి ముందుకు జరిపి, డ్రమ్ము గీత కింద సరిగ్గా నిలబెట్టాను. ఇంత శుభ్రమైన ఎడిటింగు నా సర్వీసులో చేయలేదని మురిసిపోయాను కూడా. సరిచేసిన ట్రాకులు భద్రపరిచాక, అసలు రికార్డింగు ఉన్న మెమరీ కార్డు తుడిచి స్టోర్స్‌కు అప్పగించడం నియమం. అదీ తు.చ. తప్పకుండా పాటించాను.

మూడు వారాల తర్వాత కాపీ తీసుకుని తాండూరు వెళ్లాను. ఆపరేషన్ అయింది. మాట్లాడవద్దన్నారు కాబట్టి సుగుణమ్మ ఒళ్లో నున్నటి నాపరాయి పలక పెట్టుకుని సుద్దముక్కతో రాస్తోంది. పక్కన ఆమె శిష్యురాలు రేణుక ఉంది. కోట్‌పల్లిలో గొర్లు కాసే ఇంటి పిల్ల, ఇరవై ఏళ్లుంటాయి. పాట వినిపించాను. రెండో పాదానికే సుగుణమ్మ కళ్లు దించుకుంది.

గురువును అమ్మ అనే పిలిచే రేణుక ఆగలేకపోయింది. "గిది మా అమ్మ పాడినట్లు లేదు సార్. ఎవలో ఎనుకనుంచి నూకుతున్నట్లున్నది."

ఆమె వెనకబడిపోతోందని నేనే సరిచేశానని చెప్పాను. రేణుక నా వంక వింతగా చూసింది. సుగుణమ్మ తల్లి కంది కోతలకు పోయి పాడేదట, ఈ నడక ఆమె నుంచి వచ్చిందేనట. కోతలో కొడవలి ముందు పడుతుంది, పాటలోని మాట ఆ వెనక నిమ్మళంగా వస్తుంది. హోటల్లో మొదటిసారి జాజ్ పాడినప్పుడు బ్యాండు పెద్దాయన, అలా దెబ్బకు వెనకగా పాడటం ఎక్కడ నేర్చుకున్నావని ఆశ్చర్యపోయాడట. ఆమెకు పేరొచ్చిందే అందువల్ల. "మాకు నేర్పిందంత గదే సార్," అంది రేణుక.

అసలు రికార్డింగు ఉందా అని సుగుణమ్మ పలక మీద రాసింది. లేదన్నాను. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఆ గొంతు ఇంక రాకపోవచ్చని తెలిసి కూడా, దాని నడకను నా చేతులతో నేనే తుడిచేశాను.

ఆమె కోప్పడలేదు. పలక మీద రేణుక పేరు రాసి, ఆ పిల్ల చెవితో సరిచేయమన్నట్టు నా లాప్‌టాప్ వైపు చూపించింది.

రెండు పగళ్లు ఆ ఇంట్లోనే కూర్చున్నాం. నేను పాదాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతుంటే రేణుక కళ్లు మూసుకుని వినేది. "ఇంక జర ఎనుకకు... ఇంక... ఆగుండ్రి, గీడనే." తెర వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఒక్కో పాదం కుదిరినప్పుడల్లా అనంతగిరిలో విన్న మనిషి మళ్లీ గదిలోకి వచ్చినట్టు ఉండేది. నాకు ముప్పై నాలుగేళ్ల సర్వీసు ఉంది. ఆ పిల్ల చెవి ముందు అది ఎందుకూ కొరగాలేదు.

రెండో సాయంత్రం పూర్తి పాట వినిపించాం. సుగుణమ్మ పెదవులు పాటతోపాటు కదిలాయి. చివరి చరణంలో ఒకచోట ఆగిపోయాయి. రేణుక ముఖం పాలిపోయింది. పాట అయ్యాక సుగుణమ్మ పలక తుడిచి రాసింది: "ఈ ఒక్క పాదం నేను గిట్ల పాడలే. ఇది రేణుక నడక."

సరిచేద్దామని నేను మౌస్ మీద చెయ్యి వేశాను. సుగుణమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. రెండో చేత్తో కింద ఇంకొక మాట రాసింది: "ఉండనియ్యుండ్రి."

పాట అలాగే ప్రసారమైంది. సుగుణమ్మకు మాట తిరిగొచ్చింది, పాట రాలేదు. మిగిలిన సర్వీసులో నేను ఎవరి గొంతునూ వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోకుండా సరిచేయలేదు, పాడినవారి ఆమోదం అందేదాకా ఏ కార్డునూ తుడవలేదు. స్టోర్స్ వాళ్లు రెండుసార్లు మెమో ఇచ్చారు, తీసుకున్నాను.